ఆణవిక ఎలక్ట్రానిక్స్‌లో పరిశోధక విద్యార్థి జీవితం, కృషి: ‘సంధి’ భావన ఆధారంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం:

ఒకే ఒక్క అణువు గుండా విద్యుత్తును పంపి, ఆ ప్రవాహాన్ని కొలిచే శాస్త్రశాఖ ఆణవిక ఎలక్ట్రానిక్స్. భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థులు అయిదారేళ్ల జీవితాన్ని వెచ్చించే ఈ రంగం గురించి తెలుగులో చాలా తక్కువగా చెప్పుకుంటున్నాం. పుత్తూరు వంటి పట్టణం నుంచి ఈ పరిశోధనకు వెళ్లే విద్యార్థి ఏ పని చేస్తాడు, ఆ పనిలోని కష్టం ఏమిటి, తన పనిని ఇంటిభాషలో చెప్పడానికి అడ్డుపడుతున్నది ఏమిటి అన్న మూడు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు వ్యాకరణంలోని సంధి, ఆగమ భావనలు, పాఠపరిష్కరణ పద్ధతి ఈ శాస్త్రాన్ని వివరించడానికి ఎంతవరకు తోడ్పడతాయో, ఎక్కడ తోడ్పడవో కూడా చూపుతుంది.

కీలకపదాలు: అణువు, పరమాణువు, ఆణవిక ఎలక్ట్రానిక్స్, సంధి, ఆగమం, వాహకత, పరిశోధక విద్యార్థి, పారిభాషిక పదాలు, పుత్తూరు.

1. ప్రవేశిక:

పుత్తూరు పేరు వినగానే తెలుగువారికీ, పొరుగున ఉన్న తమిళులకూ కన్నడిగులకూ మొదట గుర్తుకు వచ్చేది పుత్తూరు కట్టు. విరిగిన ఎముకను సరిచేసి, ఆకుపసరుతో కట్టు కట్టే ఆ వైద్యం కోసం రోగులు మూడు రాష్ట్రాల నుంచి వస్తారు. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో పుత్తూరు చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. రేణిగుంట – అరక్కోణం రైలుమార్గంలో ఉన్న ఈ పట్టణంలో తెలుగుతోపాటు తమిళమూ వినిపిస్తుంది. చుట్టుపక్కల నగరి, నారాయణవనం ప్రాంతాలలో మరమగ్గాల మీద బతికే కుటుంబాలు అనేకం.

ఇలాంటి పట్టణం నుంచి ఒక విద్యార్థి ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి., ఆపై బి.ఎస్సీ. చదివి, సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని తిరుపతిలో భౌతికశాస్త్రంలో ఎం.ఎస్సీ. పూర్తి చేసి, ఏదో ఒక జాతీయ సంస్థలో పరిశోధనకు చేరడం ఇప్పుడు అరుదైన విషయం కాదు. 1954లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఈ ప్రాంతానికి ఉన్నతవిద్యను దగ్గర చేసింది. 2015లో ఐ.ఐ.టి., ఐసర్ సంస్థలు కూడా తిరుపతికి వచ్చాయి. చదువుకు దారి దగ్గరైంది. చదివినదాన్ని ఇంట్లో చెప్పే దారి మాత్రం అంత దగ్గర కాలేదు.

పండుగకు ఇంటికి వచ్చిన ఆ విద్యార్థిని “ఏం చేస్తా ఉండావు నాయనా?” అని పెద్దవాళ్లు అడుగుతారు. “అణువుల మీద పరిశోధన” అని చెప్పగానే “అణుబాంబా?” అన్న ప్రశ్న వస్తుంది. ఇందులో అడిగినవారి అమాయకత్వం ఏమీ లేదు. తెలుగు పత్రికలు, ప్రసారమాధ్యమాలు దశాబ్దాలుగా ‘అణు’ శబ్దాన్ని వాడుతున్న తీరు నుంచి పుట్టిన సహజమైన ప్రశ్న అది. ఈ వ్యాసంలో ‘పరిశోధక విద్యార్థి’ అన్నప్పుడు ఒక ప్రత్యేక వ్యక్తి చరిత్ర ఉద్దేశం కాదు. ఈ రంగంలో పరిశోధన చేసేవారి సాధారణ గమనాన్ని వివరించడమే ఉద్దేశం.

2. అణువు, పరమాణువు – వ్యవహారంలో చిక్కు:

1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ద్వారా స్థిరపడిన పాఠ్యపుస్తక పరిభాషలో పరమాణువు మూలకానికి చెందిన అతిసూక్ష్మ కణం. రెండు లేదా అంతకంటె ఎక్కువ పరమాణువులు బంధంతో కలిస్తే ఏర్పడేది అణువు. పరమాణుసంఖ్య, పరమాణుభారం, అణుభారం అన్న మాటలలో ఈ భేదం స్పష్టంగా ఉంటుంది. పరమాణువు నడుమనున్న కేంద్రకం పగలడాన్ని పాఠ్యపుస్తకాలు ‘కేంద్రక విచ్ఛిత్తి’ అంటాయి.

వ్యవహారంలోకి వచ్చేసరికి ఈ భేదం చెరిగిపోయింది. కేంద్రకశక్తికి సంబంధించిన ప్రతిదానికీ ‘అణు’ శబ్దమే వచ్చి చేరింది: అణుబాంబు, అణువిద్యుత్ కేంద్రం, అణు ఒప్పందం. నిజానికి ఇవేవీ అణువులకు సంబంధించినవి కావు, పరమాణు కేంద్రకాలకు సంబంధించినవి. ఫలితంగా, అణువుల గురించి నిజంగా పనిచేసేవారికి ఆ మాట మిగలకుండా పోయింది. ‘అణు ఎలక్ట్రానిక్స్’ అంటే చదువరి అణురియాక్టర్‌లోని పరికరాల గురించి అనుకోవడానికి అవకాశం ఎక్కువ. అందుచేత ఈ వ్యాసంలో ‘ఆణవిక ఎలక్ట్రానిక్స్’ అన్న రూపాన్ని స్వీకరించడమైంది. విశేషణరూపం కావడం వల్ల ఇది సమాసపదంలోని ‘అణు’ శబ్దపు పాత స్మృతుల నుంచి కొంత దూరం జరుగుతుంది. సమస్య పూర్తిగా తీరదు, కొంత తగ్గుతుంది.

ఇక్కడ ప్రస్తావించే అణువుల పొడవు సుమారు ఒక నానోమీటరు, అంటే మీటరులో వందకోట్లవ వంతు. అంత చిన్నదాన్ని రెండు లోహపు కొనల మధ్య నిలిపి, దాని గుండా ఎంత విద్యుత్తు పారుతుందో కొలవడమే విద్యార్థి పని.

3. ఒక పరిశోధక విద్యార్థితో మొదలైన శాఖ:

ఈ శాఖకు సైద్ధాంతికంగా పునాది వేసినవారిలో ఒకరు పరిశోధక విద్యార్థి కావడం గమనింపదగినది. ఐ.బి.ఎం. సంస్థలో పనిచేస్తూ న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేస్తున్న ఆరీ అవీరామ్, తన పర్యవేక్షకుడు మార్క్ రాట్నర్‌తో కలిసి 1974 నవంబరులో ఒక ఏడు పుటల వ్యాసం ప్రచురించాడు. ఒకే అణువు డయోడ్‌లా పనిచేయగలదని, అంటే విద్యుత్తును ఒక దిశలో సులభంగా పోనిచ్చి, వ్యతిరేకదిశలో అడ్డగించగలదని ఆ వ్యాసం ప్రతిపాదించింది. ఒక కొన ఎలక్ట్రాన్లను సులభంగా ఇచ్చేది, మరొక కొన వాటిని సులభంగా తీసుకొనేది, ఆ రెండింటినీ కలుపుతూనే వేరుగా ఉంచే వంతెన నడుమ – ఇదీ వారు ఊహించిన అణునిర్మాణం.

అప్పటికి ఒక్క అణువును పట్టి కొలిచే సాధనం లేదు. 1971లో మాన్, కూన్ అనే శాస్త్రజ్ఞులు కొవ్వు ఆమ్లాల ఏకాణు పొర గుండా విద్యుత్తు పారడాన్ని కొలిచారు. కాని అది అసంఖ్యాకమైన అణువులు పక్కపక్కనే నిలిచిన పొర. 1981లో స్విట్జర్లాండ్‌లోని ఐ.బి.ఎం. ప్రయోగశాలలో బిన్నిగ్, రోరర్ నిర్మించిన స్కానింగ్ టన్నెలింగ్ సూక్ష్మదర్శిని ఈ స్థితిని మార్చింది. వారికి 1986లో నోబెల్ బహుమతి లభించింది. 1997లో మార్క్ రీడ్, జేమ్స్ టూర్ తదితరులు బంగారు తీగను విరిచి, ఆ ఖాళీలో బెంజీన్ ఆధారిత అణువును నిలిపి కొలిచిన ఫలితాలు ప్రకటించారు. 2003లో బింగ్‌చియాన్ షు, నాంగ్‌జియాన్ టావో ఒక సూదిమొనను బంగారు తలానికి తాకించి వెనక్కు లాగే పద్ధతిని ప్రవేశపెట్టారు. వేలసార్లు వేగంగా పునరావృతం చేయగలిగిన ఆ పద్ధతే నేటి పరిశోధక విద్యార్థి నిత్యకృత్యం.

అవీరామ్, రాట్నర్ ఊహించిన గుణం ఒక్క అణువులో రెండువందల రెట్లకు పైబడిన భేదంతో కనిపించిన ప్రయోగం కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి 2015లో వెలువడింది. ఊహకూ దానికీ నడుమ 41 సంవత్సరాలు. ఈ రంగంలోకి వచ్చే విద్యార్థి ముందుగా గ్రహించవలసిన కాలప్రమాణం ఇది.

4. తెంపడం, కలపడం – ప్రయోగ విధానం:

ప్రయోగాన్ని క్రమంగా చూద్దాం. సన్నని బంగారు తీగను కత్తిరించి దాని మొనను సిద్ధం చేస్తారు. బంగారు పూత పూసిన తలం ఒకటి కింద ఉంటుంది. పరిశీలించదలచిన అణువులను ద్రావణంగా ఆ తలం మీద ఉంచుతారు. మొనను తలానికి తాకించి, మెల్లగా వెనక్కు లాగుతారు. ఆ లాగుడుకు బంగారం సాగి నడుమ సన్నబడుతుంది. విద్యుత్ ప్రవాహం మెట్లుమెట్లుగా తగ్గుతుంది. చివరి మెట్టు దగ్గర రెండు కొనలనూ కలిపి ఉంచేది ఒకే ఒక్క బంగారు పరమాణువు.

ఆ చివరి మెట్టు ఎత్తు ఎప్పుడూ దాదాపు ఒక్కటే. దానిని క్వాంటం వాహకత అంటారు. ఎలక్ట్రాన్ ఆవేశం, ప్లాంక్ స్థిరాంకం అన్న రెండింటి నుంచే దాని విలువ వస్తుంది. నిరోధం రూపంలో చెబితే అది సుమారు 12,900 ఓములు. 1957లో రోల్ఫ్ లాండవర్ ప్రవేశపెట్టిన దృష్టిలో, ఇంత చిన్న మార్గంలో వాహకత అంటే ఎలక్ట్రాన్ ఒక కొన నుంచి మరొక కొనకు దాటిపోగల సంభావ్యత. పూర్తిగా తెరిచిన ఒక్క దారికి ఒక క్వాంటం వాహకత. దారి పాక్షికంగా మూసుకుపోతే అందులో కొంత భాగం.

ఇంకా లాగితే బంగారం తెగిపోతుంది. ఆ క్షణంలో దగ్గరలోని ఒక అణువు తన రెండు కొనలతో రెండు బంగారు మొనలనూ పట్టుకుంటే, ప్రవాహం సున్నాకు పోకుండా మరొక చిన్న మెట్టు దగ్గర నిలుస్తుంది. అణువు కొనల్లో ఉండే అమీన్, థయాల్, పిరిడీన్ వంటి సమూహాలు ఈ పట్టుకు ఆధారం. వీటిని ‘లంగరు సమూహాలు’ అనవచ్చు. రెండు కొనల్లో అమీన్ సమూహాలున్న బెంజీన్ అణువుకు ఆ మెట్టు క్వాంటం వాహకతలో సుమారు 0.0064 వంతు. 0.1 వోల్టు పీడనం ఇస్తే పారేది సుమారు 50 నానో ఆంపియర్లు. ఇంకా లాగితే ఆ పట్టూ తెగుతుంది. అంతటితో ఒక ఆవృత్తి ముగుస్తుంది. మొనను మళ్లీ తలానికి ఒత్తి, మళ్లీ లాగుతారు.

ఈ సరళమైన పునరావృత్తి నుంచి లోతైన విషయాలు తెలిశాయి. కార్బన్ గొలుసు పొడవులో ఒక్కొక్క కార్బన్ పెరిగిన కొద్దీ వాహకత రెండున్నర రెట్ల ప్రాంతంలో పడిపోతుంది. రెండు బెంజీన్ వలయాలు కలిసిన అణువులో ఒక వలయం రెండవదానితో చేసే కోణాన్ని బట్టి వాహకత మారుతుందని లతా వెంకటరామన్ బృందం 2006లో చూపింది. వలయాలు ఒకే తలంలో ఉంటే దారి బాగా తెరిచి ఉంటుంది, మెలి పెరిగితే మూసుకుంటుంది. బెంజీన్ వలయానికి ఎదురెదురు స్థానాల్లో లంగరు వేస్తే బాగా పారే విద్యుత్తు, ఒక స్థానం పక్కకు జరిపితే బాగా తగ్గిపోతుంది. వలయంలోని రెండు దారుల గుండా వచ్చిన ఎలక్ట్రాన్ తరంగాలు ఒకదానినొకటి రద్దు చేసుకోవడమే దీనికి కారణం. దీన్ని క్వాంటం వ్యతికరణం అంటారు. అణువులోని పరమాణువులు అవే, లంగరు చోటు మాత్రమే మారింది.

5. సంధి, ఆగమం – పోలిక, దాని పరిమితి:

ఈ రంగంలో కేంద్రభావన రెండు మొనలు, నడుమ అణువు ఉన్న అమరిక. దీనికి తెలుగులో కొత్తమాట వెతకనక్కరలేదు. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్ర పుస్తకాలు ‘పి–ఎన్ సంధి’ అన్న మాటను ఎప్పటినుంచో వాడుతున్నాయి. వైద్యంలో సంధి అంటే ఎముకల కీలు, రాజనీతిలో ఒడంబడిక, వ్యాకరణంలో వర్ణాల కలయిక. కాబట్టి ఈ అమరికను ‘ఆణవిక సంధి’ అనడం భాషకు సహజం.

తెలుగు వ్యాకరణం ఇంకొక అడుగు ముందుకు తీసుకువెళ్లగలదు. ‘రాముడు + అతడు’ వంటి చోట పూర్వస్వరం లోపించి రెండు పదాలూ నేరుగా కలుస్తాయి. బంగారు మొన, బంగారు తలం తాకినప్పటి స్థితి ఇలాంటిది. ‘మా + అమ్మ’ వంటి చోట సంధి జరగదు, కాని రెండు అచ్చుల నడుమ యకారం వచ్చి ‘మాయమ్మ’ అవుతుంది. ఆగమం దేనినీ తొలగించదు, రెండింటి నడుమ చేరి ఉచ్చారణను సాగనిస్తుంది. బంగారం తెగిన తరువాత ఖాళీలో నిలిచి విద్యుత్తును సాగనిచ్చే అణువు ఈ యడాగమం వంటిది. తెలుగు ఎం.ఏ. విద్యార్థికి ఆణవిక సంధిని వివరించడానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ దొరకదు.

అయితే ఈ పోలికకు ఒక ముఖ్యమైన పరిమితి ఉంది. వ్యాకరణసూత్రం నిర్దేశించిన సందర్భం వచ్చినప్పుడల్లా యడాగమం వస్తుంది. ప్రయోగశాలలో అణువు అలా రాదు. కొన్ని ఆవృత్తులలో వస్తుంది, కొన్నింటిలో రాదు. వచ్చినప్పుడు ఏ వాలులో నిలిచిందో, ఏ బంగారు పరమాణువును పట్టిందో కంటికి కనిపించదు. ఒకసారి వచ్చిన విలువ మరొకసారి అదే రాదు. అందుకే ఒక్క వక్రరేఖకు సాక్ష్యవిలువ లేదు. వేల వక్రరేఖలను కూర్చి, ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించి, ఆ లెక్కల గుట్టలో శిఖరం ఎక్కడ ఉందో చూడాలి. ఆ శిఖరమే ఆ అణువు వాహకత. పరిశోధక విద్యార్థి కష్టమంతా ఈ ఒక్క కారణం నుంచి పుడుతుంది.

6. పరిశోధక విద్యార్థి కాలం, జీవిక, దినచర్య:

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనల ప్రకారం పిహెచ్.డి. కాలం కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. మహిళలకు మరి రెండేళ్ల వెసులుబాటు, 240 రోజుల వరకు ప్రసూతి, శిశుసంరక్షణ సెలవు ఉన్నాయి. కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్కు పూర్తి చేయాలి. ప్రతి సెమిస్టరులో సలహాసంఘం ముందు ప్రగతిని వివరించాలి. జూనియర్ పరిశోధక వృత్తివేతనం 2023 జనవరి 1 నుంచి నెలకు 31,000 రూపాయల నుంచి 37,000కు, సీనియర్ వృత్తివేతనం 35,000 నుంచి 42,000కు పెరిగింది. మరమగ్గాల మీదో వ్యవసాయం మీదో ఆధారపడిన కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థికి ఈ మొత్తం కేవలం చదువుఖర్చు కాదు. అందులోంచి ఇంటికి పంపవలసిన భాగమూ తరచుగా ఉంటుంది. అందుచేత పరిశోధన ఆలస్యం కావడం అతనికి విద్యాసమస్య మాత్రమే కాదు, కుటుంబసమస్య కూడా.

ఈ రంగంలో మొదటి సంవత్సరం, కొన్నిసార్లు రెండవ సంవత్సరమూ, ఫలితాలు రాని కాలం. పరికరాన్ని సిద్ధం చేసుకోవడం, దానికి అడ్డువచ్చే అలజడిని తగ్గించడం, కొలతలను విశ్లేషించే కంప్యూటర్ ప్రోగ్రాములు రాసుకోవడం ఆ కాలంలో జరుగుతాయి. మొన, తలం మధ్య దూరం నానోమీటరులో పదవవంతు మారినా ప్రవాహం ఎన్నో రెట్లు మారుతుంది. లిఫ్టు కదలిక, ఏసీ యంత్రం, పక్కగదిలో తలుపు వేసిన అదురు, అన్నీ వక్రరేఖ మీద కనిపిస్తాయి. భవనం సద్దుమణిగే రాత్రివేళ కొలతలు తీసుకోవడం అందుకే ఈ రంగంలో మామూలు.

శుభ్రత మరొక పరీక్ష. గాజుపాత్రలను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ మిశ్రమంతో కడగవలసిన సందర్భాలు ఉంటాయి. అది చర్మాన్ని, వస్త్రాన్ని క్షణాల్లో దహించే ద్రవం. ఇంత జాగ్రత్త తీసుకున్నా, ద్రావణంలోని మలినం ఒకటి బంగారం మీద చేరితే అసలు అణువుకు బదులు అదే కొలతకు వస్తుంది. అందుచేత ముందుగా అణువు లేకుండా వట్టి ద్రావణితో వేలసార్లు కొలిచి, ఏమీ లేదని నిర్ధారించుకోవాలి. ‘ఏమీ లేదు’ అని తేల్చడానికి ఒక రోజంతా పోతుంది. సిద్ధాంతవ్యాసంలో దానికి దక్కేది ఒక్క వాక్యం.

ఒక అణువుకు వేల ఆవృత్తులు, అలాంటి అణువుల కుటుంబం ఒకటి, ఒక్కొక్కదానికి వేర్వేరు రోజుల్లో, వేర్వేరు మొనలతో మళ్లీ కొలతలు – ఇలా నాలుగేళ్ల శ్రమ చివరకు కొన్ని పటాలుగా కుదించబడుతుంది. ఇంట్లోవారికి ఆ పటాలు చూపితే గుట్టలుగా ఉన్న గీతలు మాత్రమే కనిపిస్తాయి. వాటి వెనుక తెగిన, కలిసిన లక్షల సంధుల గురించి చెప్పే మాటలు విద్యార్థి దగ్గర ఇంగ్లీషులోనే ఉన్నాయి.

7. అలజడి పలికిన సాక్ష్యం:

ఈ రంగం తన చరిత్రలో ఒక పెద్ద మోసాన్ని చూసింది. పరిశోధకులందరూ తెలుసుకోదగిన ఘట్టం అది. జర్మనీలోని కోన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొంది, అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో చేరిన యాన్ హెండ్రిక్ షోన్, అణువులతో ట్రాన్సిస్టర్లు నిర్మించినట్లు 2001లో ప్రకటించాడు. ప్రసిద్ధ పత్రికలు ఆ వ్యాసాలను వరుసగా ప్రచురించాయి. వాటిని తిరిగి చేసి చూడడానికి అనేక ప్రయోగశాలలు ప్రయత్నించి విఫలమయ్యాయి. అలా వృథా అయిన కాలంలో పరిశోధక విద్యార్థుల వయసు కూడా ఉంది.

2002లో ఒక విచిత్రమైన విషయం బయటపడింది. వేర్వేరు ప్రయోగాలకు చెందిన వక్రరేఖలలో అలజడి కూడా ఒకేలా ఉంది. అలజడి యాదృచ్ఛికమైనది. రెండు స్వతంత్ర కొలతల్లో అది గీతకు గీత సరిపోవడం అసాధ్యం. మాల్కం బీస్లీ అధ్యక్షతన ఏర్పడిన విచారణసంఘం 2002 సెప్టెంబరులో 24 ఆరోపణలలో 16 ఋజువైనట్లు నివేదించింది. మూలదత్తాంశాలు చెరిపివేయబడ్డాయి, ప్రయోగశాల దినచర్యపుస్తకాలు లేవు. 2004లో కోన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయం అతని డాక్టరేట్‌ను రద్దు చేసింది. అతని సిద్ధాంతవ్యాసంలో మోసం ఉందని కాదు, తరువాతి ప్రవర్తన ఆ పట్టానికి తగనిదని. 2014 వరకు న్యాయస్థానాలలో సాగిన వివాదంలో చివరకు ఆ రద్దే నిలిచింది.

తెలుగు పరిశోధకులకు ఈ తర్కం కొత్తది కాదు. పాఠపరిష్కరణలో రెండు తాళపత్రప్రతులు మంచి పాఠంలో ఏకీభవిస్తే వాటి సంబంధం గురించి ఏమీ తేలదు. ఒకే లేఖకదోషం రెండింటిలోనూ అదే చోట కనిపిస్తే మాత్రం, ఒకటి రెండవదానికి నకలనో, రెండింటికీ మాతృక ఒకటేననో తేలుతుంది. తప్పులే వంశవృక్షాన్ని చెబుతాయి. షోన్ వక్రరేఖలలోని అలజడి అటువంటి లేఖకదోషం. తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థలో ప్రతులను పోల్చే పరిశోధకుడు, ప్రయోగశాలలో వక్రరేఖలను పోల్చే పరిశోధకుడు ఒకే విధమైన న్యాయానికి కట్టుబడినవారు.

ఈ ఘట్టం తరువాత విద్యార్థి ముందు నిలిచే ప్రశ్న నిత్యమైనది. పదివేల వక్రరేఖలలో అణువు పట్టుకున్నట్లు కనిపించనివాటిని తీసివేయవచ్చునా? తీసివేస్తే శిఖరం స్పష్టంగా వస్తుంది, వ్యాసం సులభంగా అంగీకరించబడుతుంది. తీసివేసిన ప్రమాణాన్ని ముందే నిర్ణయించి, బహిరంగంగా చెప్పి, అన్ని కొలతలకూ ఒకేలా వర్తింపజేస్తే అది పద్ధతి. ఫలితం చూసి ప్రమాణాన్ని మార్చితే అది మోసానికి మొదటి మెట్టు. వృత్తివేతనం ముగియవస్తున్న అయిదవ సంవత్సరంలో ఈ భేదాన్ని నిలుపుకోవడమే పరిశోధక విద్యార్థి ఎదుర్కొనే అసలైన పరీక్ష.

8. తెలుగు నేల, అణువిజ్ఞానం:

అణువుల అధ్యయనం తెలుగు నేలకు పరాయిది కాదు. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతం, కలకత్తాలో సి.వి. రామన్ వద్ద పనిచేసి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి అణువుల కంపనాలను, వాటి సౌష్ఠవాన్ని అధ్యయనం చేశాడు. టి. వెంకటరాయుడుతో కలిసి ఆయన రాసిన సమూహసిద్ధాంత గ్రంథాన్ని ఆ విశ్వవిద్యాలయం 1948లో వాల్తేరు నుంచి ప్రచురించింది. అణువు సౌష్ఠవం దాని గుణాలను ఎలా నిర్ణయిస్తుందన్న ఆనాటి ప్రశ్నే, బెంజీన్ వలయంపై లంగరు స్థానం వాహకతను ఎలా మారుస్తుందన్న ఈనాటి ప్రశ్నకు పూర్వరంగం.

ఇటీవలి కాలంలో, తెలుగు ఇంటిపేరున్న వీరభద్రరావు కలిగినీడి స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయంలో థామస్ వాండ్‌లోవ్‌స్కీ బృందంలో పనిచేస్తూ, అణుతీగల నిర్మాణానికీ వాటి వాహకతకూ గల సంబంధాన్ని గురించి 2012లో వెలువడిన వ్యాసానికి ప్రథమ రచయిత. అణువులోని బంధక్రమం నేరుగా సాగినప్పుడు, అడ్డంగా మళ్లినప్పుడు వాహకత ఎలా మారుతుందో ఆ వ్యాసం పరిశీలించింది. అనంతరం ఆయన బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఈ రంగంలోనే పరిశోధన కొనసాగిస్తున్నారు. పుత్తూరు విద్యార్థికి ఈ పరిశోధన ఒక రాత్రి రైలుప్రయాణం కంటె దూరంలో లేదు.

అదే సంస్థకు చెందిన మరొక బృందం, అణుపొరలతో చేసిన స్మృతిపరికరంలో 16,500 వేర్వేరు వాహకత స్థాయిలను నిలపగలిగినట్లు 2024లో ప్రకటించింది. సున్నా, ఒకటి అన్న రెండు స్థాయిలతో పనిచేసే సాధారణ స్మృతికి ఇది భిన్నమైనది. కృత్రిమమేధకు అవసరమైన గణనను తక్కువ విద్యుత్తుతో చేయడానికి ఇలాంటివి ఉపయోగపడవచ్చునన్నది ఆశ. సిలికాన్ చిప్పులను అణువులు తొలగిస్తాయన్న తొలినాటి అంచనా నెరవేరలేదు. పదార్థం గుండా ఎలక్ట్రాన్ ఎలా దాటుతుందన్న జ్ఞానం మాత్రం పెరిగింది.

9. పరిభాష విషయంలో చేయవలసినది:

పారిభాషిక పదాలు శబ్దశుద్ధితో మాత్రమే నిలవవు. ఒక ఉదాహరణ చాలు. విద్యుత్తును ఒకే దిశలో పంపే పరికరానికి పాఠ్యపుస్తకపు మాట ఏక, దిక్, కరణ శబ్దాల కూర్పు: ‘ఏకదిక్కరణి’. దకారానికి ఒత్తు పడితే దిక్కు పోయి ధిక్కారం వస్తుంది. పదం విడదీసి చెప్పేవారు లేకపోతే విద్యార్థి దాన్ని అర్థం లేని శబ్దంగా కంఠస్థం చేస్తాడు. విడదీసి చెబితే, పరికరం చేసే పని పదంలోనే కనిపిస్తుంది.

ఈ రంగానికి అవసరమైన మాటలలో వాహకత, నిరోధం, వ్యతికరణం, సంధి ఇప్పటికే ఉన్నాయి. డయోడ్, క్వాంటం, ఎలక్ట్రాన్ ఇంటిమాటలైపోయాయి, వాటిని మార్చనక్కరలేదు. లంగరు, వంతెన, మెట్టు, అలజడి వంటి వాడుకమాటలకు పారిభాషిక స్థాయి ఇవ్వడం మాత్రమే మిగిలింది. ఈ పని భౌతికశాస్త్ర విద్యార్థి ఒక్కడే చేయలేడు. అతనికి విషయం తెలుసు, పదనిర్మాణ సంప్రదాయం తెలియదు. తెలుగుశాఖ పరిశోధకునికి సంప్రదాయం తెలుసు, విషయం తెలియదు. రెండు శాఖలూ ఒకే విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్నా వాటి మధ్య సంభాషణ అరుదు. ప్రతి విజ్ఞానశాస్త్ర సిద్ధాంతవ్యాసానికి నాలుగైదు పుటల తెలుగు సారాంశం జతచేసే పద్ధతిని విశ్వవిద్యాలయాలు స్వీకరిస్తే, దాన్ని రూపొందించే పనిలో తెలుగుశాఖలు పాల్గొంటే, ఆ సంభాషణకు ఒక స్థిరమైన ఆధారం ఏర్పడుతుంది.

10. ముగింపు:

1. ఆణవిక ఎలక్ట్రానిక్స్ పరిశోధన సంధిని నిర్మించి, తెంపి, మళ్లీ నిర్మించి లెక్కించే శ్రమ. ఒక్క ఫలితానికి విలువ లేదు, వేల పునరావృత్తుల నుంచి తేలినదానికే విలువ.

2. ‘అణు’ శబ్దం వ్యవహారంలో కేంద్రకశక్తికి స్థిరపడడం వల్ల అణువులపై పరిశోధన చేసేవారు తమ పనిని తెలుగులో చెప్పలేకపోతున్నారు. ‘ఆణవిక’ అన్న విశేషణరూపం, ‘ఆణవిక సంధి’ అన్న పదబంధం ఈ చిక్కును కొంత తగ్గిస్తాయి.

3. యడాగమం ఆణవిక సంధిని వివరించడానికి చక్కని ఉపమానం. ఆగమం నియతం, అణువు రాక అనియతం అన్న భేదాన్ని కూడా అదే సందర్భంలో చెప్పాలి.

4. షోన్ ఉదంతం చూపిన సాక్ష్యతర్కం, పాఠపరిష్కరణలోని సమానదోష తర్కం ఒక్కటే. పరిశోధనానీతి విషయంలో విజ్ఞానశాస్త్ర, భాషాసాహిత్య శాఖలు పరస్పరం నేర్చుకోదగినది ఉంది.

5. పుత్తూరులో ఎముక విరిగినవారికి కట్టు గురించి ఎవరూ నిర్వచనం చెప్పనక్కరలేదు. విరిగినదాన్ని కలిపి నిలపడం అన్న భావన ఆ ప్రాంతపు వాడుకలోనే ఉంది. ‘తెగిన రెండు బంగారు కొనల నడుమ ఒక అణువును కట్టుగా నిలిపి, దాని గుండా కరెంటు ఎంత పారుతుందో చూస్తా ఉండాను’ అని ఆ విద్యార్థి పండుగనాడు ఇంట్లో చెప్పగలిగితే, అణుబాంబు ప్రశ్న మళ్లీ రాదు. వచ్చే ప్రశ్న ‘ఎంత పారింది?’ అన్నది. ఆ ప్రశ్నకు అతని దగ్గర జవాబు ఉంది.